‘ఊరికే’: ఒక క్రియావిశేషణం – అర్థం, ప్రయోగం

“ఊరికే అంటినిలే అన్నా.” కర్నూలు, కడప పల్లెల మాటతీరున్న కథల్లో ఇలాంటి వాక్యం మీకు ఎదురవుతుంది. ‘ఊరికే’కు అర్థం రాయమంటే చాలామంది విద్యార్థులు ‘సరదాకు’ అని రాసి ముందుకు పోతారు. అది తప్పు కాదు గాని, దానితో ఆగితే కథను సగమే చదివినట్టు.

ముందు పదాన్ని చూడండి. ‘ఊరక’ అనే అవ్యయమే వాడుకలో ‘ఊరికే’ అయింది. ‘ఊరికే ఇచ్చాడు’ అంటే డబ్బు తీసుకోకుండా, ‘ఊరికే కూర్చున్నాడు’ అంటే పని లేకుండా, ‘ఊరికే తిట్టాడు’ అంటే కారణం లేకుండా. (‘ఊరికే అడగొద్దు’ అన్నప్పుడు మాటిమాటికీ అని, దాని దారి వేరు.) మొదటి మూడింటిలోనూ ఏదో ఒకటి లేదు. ‘ఊరికే అన్నాను’లో లేనిది ఉద్దేశం. తన మాటకు బరువు లేదని మాట్లాడేవాడే చెబుతున్నాడు. ‘ఆషామాషీగా’ దీనికి దగ్గరగా కనిపిస్తుంది గాని, అది సాధారణంగా ఎదుటివాణ్ణి తప్పుపట్టే మాట. ‘ఆషామాషీగా వచ్చాను’ అని ఎవరూ తన గురించి చెప్పుకోరు.

ఇప్పుడు ఆలూరు వైపు ఒక మెట్ట ఊరిని ఊహించుకోండి. వాన పడి పదునైంది. విత్తనం కాయలు లేని రైతు పొరుగింటి అరుగు మీద కూర్చుంటాడు.

“ఏమబ్బా, ఇట్లొచ్చినావు?”

“ఊరికే వస్తిని.”

ఎద్దుల గురించి, ఎండల గురించి మాట్లాడి, లేచిపోతూ కాయల మాట ఎత్తుతాడు. మాకే చాలవని తెలియగానే “ఊరికే అడిగితినిలే” అంటాడు. ఇందులో సరదా ఎక్కడుంది? నాలుగు ఎండలు కాస్తే పదును ఆరిపోతుంది. మొదటి ‘ఊరికే’ అడగడానికి ధైర్యం కూడగట్టుకునే మాట. రెండోది కాదనిపించుకున్న చిన్నతనాన్ని దాచుకునే మాట. లేదన్నవాడి మొహమాటాన్నీ అదే తీరుస్తుంది.

దీన్ని ఇంగ్లీషులోకి మార్చే అనువాదకుడు ‘ఫర్ ఫన్’ అని వేస్తే, ఆ రైతు ఆటపట్టించడానికి వచ్చినట్టవుతుంది. కడప జిల్లాకు చెందిన విమర్శకుడు రాచమల్లు రామచంద్రారెడ్డి (రారా) ‘అనువాద సమస్యలు’ అని ఒక గ్రంథమే రాశారు. దానికి 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. సమస్య పెద్ద పదాలతోనే వస్తుందని మీరు అనుకోవద్దు.

అలాగని ప్రతి ‘ఊరికే’ వెనకా బాధను వెతకనక్కర లేదు. రచ్చబండ మీద బావను ఆటపట్టించి “ఊరికే అంటినిలే” అన్నవాడు నిజంగా ఊరికే అన్నాడు. అతడు అక్కడ ఏమీ అడగడానికి రాలేదు.