సాలార్‌జంగు సేకరణ: కర్తృత్వ విచారము

హైదరాబాదులోని సాలార్‌జంగు మ్యూజియమును గూర్చి వ్రాయువారు తఱచుగా దానిని ఒక్క వ్యక్తి కూర్చిన నిధిగా వర్ణింతురు. ఆ వ్యక్తి మూడవ సాలార్‌జంగు, మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949). సేకరణలో అధికభాగము ఆయనదే యనుటలో వివాదము లేదు. కాని ‘ఒక్క వ్యక్తి’ యను మాటను అందలి వస్తువులు సమర్థించునా యనునది విచార్యము.

ఆ మ్యూజియములో మిక్కిలి ప్రసిద్ధమైనది ‘ముసుగులోని రెబెకా’. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ఈ పాలరాతి ప్రతిమను 1876లో కొన్నవారు మొదటి సాలార్‌జంగు, మీర్ తురాబ్ అలీఖాన్. అప్పటికి ఆయన మనుమడగు యూసుఫ్ అలీఖాన్ జన్మింపనే లేదు. తాత 1853 నుండి 1883 వఱకు దివానుగా నుండి, ఐరోపా యాత్రలో ఆ ప్రతిమను సంపాదించెను. మనుమడు 1912లో దివానై 1914లో ఆ పదవిని విడిచి, శేషజీవితమును సేకరణకే వినియోగించెను. ఒకరిది రాజనీతిజ్ఞుని గృహాలంకరణము, మఱొకరిది సేకరణమే పరమార్థముగా గల వ్యాసంగము అని తోచును. ఆంధ్ర మహాభారతమున కవిత్రయమువారి పాళ్లను విడదీసి, ముగ్గురి శైలులను వేఱువేఱుగా పరిశీలించుట మనకు పరిపాటి. ఈ వంశపు సేకరణకును అట్టి వివేచనమే తగును.

రెండవ అంశము సందర్భము. 1951 డిసెంబరు 16న నెహ్రూ ఈ మ్యూజియమును ప్రారంభించినపుడు అది వంశపు నివాసమగు దివాన్ దేవిడీలోనే యుండెను. 1961లో పార్లమెంటు చట్టముచే అది జాతీయ ప్రాముఖ్యము గల సంస్థ యయ్యెను. 1968లో మూసీనది యొడ్డునగల నూతన భవనమునకు మాఱెను. ఇప్పుడు గడియారములొకచోట, దంతపు పనులొకచోట, ఐరోపా వస్తువులు వేఱొకచోట నున్నవి. గృహమున కుర్చీ, తివాచీ, దీపగుచ్ఛము, గడియారము కలిసి ఒక గదికి అర్థమును కల్పించును. వర్గీకరణములో ఆ వాక్యము పదములుగా విడిపోయి నిఘంటువున చేరినది. ప్రతిపదమును తెలియుచున్నది, వాక్యము మాత్రము తెలియకున్నది.

సందర్భము లోపించినచోట కథలు ప్రవేశించును. ఇందలి దంతపు కుర్చీలను పదునైదవ లూయీ టిప్పుసుల్తానునకు బహూకరించెనని లోకమున ఒక ప్రతీతి గలదు. పదునైదవ లూయీ 1774లో మరణించెను. టిప్పు రాజ్యమునకు వచ్చినది 1782లో. టిప్పు రాయబారులు ఫ్రాన్సుకు వెళ్లినది 1788లో, పదునాఱవ లూయీ కాలమున. కావున పేరును సవరించినచో కథ సంభావ్యమగును. కాని సంభావ్యత ప్రమాణము కానేరదు. పదునెనిమిదవ శతాబ్దిలో మన విశాఖపట్టణ శిల్పులు ఐరోపా రీతి సామానునకు దంతపు పని చేయుచుండిరి. కనుక ఏ దంతపు కుర్చీ విషయమునను దాత యెవరను ప్రశ్నకు ముందు, పనివాడెవరను ప్రశ్న రావలెను.

మ్యూజియము ఏర్పడుటయే దోషమనుట యిచట అభిప్రాయము కాదు. సంతానము లేక యజమాని గతించిన పిమ్మట ఈ సేకరణ చెల్లాచెదురు కాకుండ నిలిచినదన్నచో, నవాబు ముంగిట కాలుపెట్టజాలని సామాన్యుడు నేడు రెబెకాను చూడగలుగుచున్నాడన్నచో, అది మ్యూజియము వలననే. పోయిన గృహమును మరల కట్టలేము. దాని కూర్పును మాత్రము కాగితముపై కొంతవఱకు పునరుద్ధరింపవచ్చును. కొనుగోలు చీటీలు, ఉత్తరములు, పాత ఛాయాచిత్రములు, గృహపు జాబితాలు ఎచ్చట లభించినను వానిని ప్రతులుగా గ్రహించి, ప్రతి వస్తువునకు ఎవరు కొనిరి, ఎప్పుడు కొనిరి, ఏ గదిలో నుంచిరి యను మూడు ప్రశ్నలు వేయవలెను. పాఠపరిష్కరణమున ఆరితేఱిన మన పరిశోధక విద్యార్థులకు ఈ పద్ధతి క్రొత్తది కాదు. ఉర్దూ, పారసీక భాషలు నేర్చినవారు దీనికి పూనుకొన్నచో, ఆ వస్తువులు వింతలుగా గాక చరిత్రగా మనకు దక్కును.