స్వేచ్ఛా శ్రామికుడు, ‘ఖల్లివెల్లి’

గల్ఫ్ వలసలపై తెలుగులో సాగే చర్చల్లో ఒక పోలిక తరచుగా వినిపిస్తుంది: ఎంగెల్స్ 1842-44 మధ్య మాంచెస్టరులో చూసిన మిల్లు కార్మికుడికి వారసుడే నేడు కువైట్‌లోని మన కార్మికుడని. ఇరుకు గదులను, ఎడతెగని పనిగంటలను చూస్తే అలా తోచడం సహజం. 2024 జూన్ 12న మంగాఫ్‌లో కార్మికుల వసతి భవనం తగలబడి 40 మందికి పైగా భారతీయులు మరణించారు. వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్‌వారు. అయినా ఈ పోలిక ఒక ముఖ్యమైన తేడాను దాచివేస్తుంది.

మార్క్స్ ‘పెట్టుబడి’ (1867)లో వర్ణించిన కార్మికుడు రెండర్థాలలో స్వేచ్ఛ గలవాడు. తన శ్రమశక్తిని కోరినవారికి అమ్ముకోగలడు. అది తప్ప అమ్ముకోవడానికి మరేమీ లేనివాడు. రాయచోటి నుంచి వెళ్ళిన కూలీకి తరచుగా రెండవదే వర్తిస్తుంది. కఫాలా పద్ధతిలో అతని అకామా కఫీలుతో ముడిపడి ఉంటుంది. చెప్పకుండా పని వదిలితే పరారీ కేసు, అరెస్టు, దేశబహిష్కరణ. అలా బయటపడి దొరికినచోట పని చేసుకునేవాణ్ణి గల్ఫ్ తెలుగువాళ్ళు ‘ఖల్లివెల్లి’ అంటారు. మార్క్స్ నిర్వచనానికి దగ్గరగా వచ్చేవాడు అతడే; చట్టం దృష్టిలో నేరస్థుడూ అతడే.

కఫాలా పాతకాలపు అవశేషమనీ, పెట్టుబడి విస్తరిస్తే దానంతటదే పోతుందనీ కొందరి నమ్మకం. ఇంగ్లండు చరిత్ర దీన్ని సమర్థించదు. 1823 నాటి యజమాని-సేవకుల చట్టం కింద, ఒప్పందం మధ్యలో పని మానిన కార్మికుడికి మూడు నెలల వరకు కఠిన కారాగారం. మాట తప్పిన యజమానిపై సివిల్ దావా మాత్రమే. ఈ అసమానతను మార్క్స్ స్వయంగా ‘పెట్టుబడి’లో ఎత్తిచూపాడు. ఆవిరియంత్రాలతో, రైళ్ళతో, ప్రపంచ మార్కెట్‌తో కలిసి బతికిన ఆ శిక్ష 1875లో గాని పోలేదు. దాన్ని తొలగించడంలో కార్మిక సంఘాల ఒత్తిడి, 1867లో పట్టణ కార్మికులలో చాలామందికి దక్కిన ఓటు ప్రధానంగా పనిచేశాయి.

ఆ రెండు సాధనాలూ కువైట్ వలస కార్మికుడికి లేవు. 2010 నాటి కార్మిక చట్టం సంఘం పెట్టుకునే హక్కును కువైటీలకే ఇచ్చింది. ఇంటిపనివారిని తన పరిధిలోకే తీసుకోలేదు. వారి కోసం 2015లో వచ్చిన 68వ చట్టం వారానికొక సెలవు, రోజుకు 12 గంటల పరిమితి కల్పించింది గాని కఫీలు ముడిని విప్పలేదు. కడప, గోదావరి జిల్లాల నుంచి 20వ నంబరు వీసాపై వెళ్ళే స్త్రీలు తలొక ఇంట్లో విడివిడిగా ఉంటారు. మాంచెస్టరు మిల్లు దోపిడీతో పాటు వందలమందిని ఒకచోట చేర్చింది. ఈ పని ఆ కలయికను కూడా దక్కనివ్వదు.

ఇక మిగిలింది స్వదేశంలోని ఓటు. ప్రవాస భారతీయులకు 2010 చట్ట సవరణ ఓటుహక్కు ఇచ్చినా, వేయాలంటే స్వయంగా ఊరికి రావాలి. పాస్‌పోర్టు కఫీలు దగ్గర ఉన్నవాడికి అది అసాధ్యం. వీసా యజమానితో ముడిపడితే రాజీనామా పత్రం ఎంత బరువవుతుందో ప్రవాస ఉద్యోగులకు కొంత తెలుసు. కువైట్ కార్మికుడి స్వేచ్ఛను మార్కెట్ ఏదో ఒకనాడు తెచ్చిపెడుతుందని మనం చెప్పేముందు, ఇంగ్లండులో దాన్ని తెచ్చినవారెవరో గుర్తుచేసుకోవాలి.