మోరీ దాటిన నీరు

సిరొంచ రేవున నిలిచి చూచునపుడు, ఉత్తరారణ్యముల నెల్ల దాటి వచ్చిన ప్రాణహిత ఆవలి యొడ్డున కాళేశ్వరక్షేత్రసమీపమున గోదావరిలో లీనమగు దృశ్యమునకు ఎట్టివాని చేతులైనను తమంత తామే ముకుళితములగును. 2022 ఏప్రిల్ పుష్కరములలో నేనును ఇచ్చటనే మునిగి లేచితిని. అయితే మురుగునీటి శుద్ధికేంద్రములలో జీవితమెల్ల గడపినవాడను గనుక, దోసిట నీరు తీసికొనగానే నాకు మంత్రముకన్న ముందు నదుల వరుస స్ఫురించినది: నాగపూరు మురుగును మోసికొని నాగ్ నది కన్హానులో కలియును, కన్హాను వైనగంగలో కలియును, వైనగంగ వార్ధాతో కూడి ప్రాణహిత యగును. దారిలో ఎండ, గాలి, ఇసుక తమ చేతనైనంత శుద్ధి చేయును. కాని నది యోర్పునకును ఒక మేర గలదు. ఎగువవారిని నిందించు హక్కు మనకెంత గలదో, భద్రాచలమువారికిని రాజమండ్రివారికిని మనలను నిందించు హక్కు అంతయు గలదు.

ఈ వృత్తిలో నన్ను మొదటినుండి ఆకర్షించినది యంత్రము కాదు, బురద. 1914లో మాంచెస్టరు నందు ఆర్డెర్న్, లాకెట్ అను ఇరువురు రసాయనజ్ఞులు మురుగునకు గాలి పట్టి, అడుగున తేరిన బురదను పారబోయక, దానిమీదనే మరల మరల క్రొత్త మురుగును పోసి, వారముల తరబడి పట్టు శుద్ధిని కొన్ని గంటలలో ముగియునట్లు చేసిరి. మనము అసహ్యించుకొను ఆ బురదలోని కోటానుకోట్ల సూక్ష్మజీవులకు మాలిన్యమే ఆహారము. వాటి క్షేమమెరుగుటకు మేము నేటికిని చేయు పరీక్ష సులభమైనది: గాలి పట్టు ఏరేషన్ ట్యాంకునుండి లీటరు నీటిని గాజుజాడీలోనికి తీసి, అరగంట కదపక ఉంచవలెను. బురద మబ్బువలె గుదిగూడి మెల్లగా దిగి పైన తేట నిలిచినచో మేలు. దిగుటకు మొరాయించి దూదివలె ఉబ్బినచో ఏదో కొరత గలదు.

ఉద్యోగపు తొలినాళ్లలో, తెలంగాణలోని ఒక చిన్న పట్టణమున, ఆ దూదిబురదను చూచి కలవరపడి, మితిమీరినదని తలచి, వారము దినములు బయటికి తోడించితిని. మిగిలిన కొలదిపాటి జీవులు వచ్చిన మురుగును తినజాలక, కలకనీరే వాగులోనికి పోయినది. అప్పుడొక పాత ఆపరేటరు జాడీని ముక్కు దగ్గరకు తీసికొని, “సారూ, మంచి బురదైతే తొలకరి మట్టి వాసనొస్తది. ఇది కుళ్లిన గుడ్డు లెక్క ఉన్నది. రాత్రిపూట బ్లోయర్ బంద్ పెడుతున్నరు గద, గాలి సాల్తలేదు” అనెను. కరెంటు ఖర్చుకు జంకి నడిరేయి ఆపుచుండిన బ్లోయరును రేయింబవళ్లు నడిపించి, తోడుట మాని, మూడు వారములు వేచిన పిమ్మటగాని తేటనీరు కంటబడలేదు. ఆ మూడు వారములును దిగువ చాకిరేవున బట్టలుతికినవారిని తలచుకొన్నపుడు నేటికిని మనస్సు చివుక్కుమనును.

సిరొంచవంటి ఊళ్లకు అట్టి శుద్ధికేంద్రమే ముందు కావలెనని నేననను; ఇండ్ల ట్యాంకులను వేళకు తోడించుటయే మొదటి మెట్టు. కృష్ణాతీరమందలి వాయి పట్టణము, సిరొంచ గల ఈ మహారాష్ట్రముననే, ఇండ్ల సెప్టిక్ ట్యాంకులను మూడేండ్లకొకమారు వంతులవారీగా తోడించు ఏర్పాటు చేసికొన్నది. వరంగల్లు 2016లోనే ఈ పనికి నియమావళి వ్రాసికొన్నది. పొంగిన తరువాత గాక, నిండకముందే తీయుటలోనే కిటుకంతయు గలదు. ఏలయన అడుగున బురద పెరిగినకొలది నీరు నిలుచు చోటు తగ్గి, తేరకమునుపే మోరీలోనికి సాగిపోవును. మనిషిని మాత్రము దింపరాదు. విషవాయువు మెండైనచోట ముక్కు వాసన పట్టు శక్తినే కోల్పోవును గనుక, వాసన లేదను ధైర్యమే ప్రాణాంతకము.

గడచిన వేసవిలో సిరొంచ దాపున మా బావ యింట ట్యాంకు మూత తీయించితిని.

“బావా, ఇది తీయించి ఎన్నేండ్లాయె?”

“ఇల్లు కట్టినప్పటి సంది తీయనే లేదు.”

పొడవాటి కఱ్ఱకు తెల్లని పాతబట్ట చుట్టి, అడుగు తగులువరకు దింపి, కొంతసేపు ఆగి పైకి తీయగా, నల్లని చారిక మూడడుగులు దాటియున్నది. ట్యాంకరు వచ్చినది. ఎచ్చట పోయుదువని డ్రైవరు నడిగితిని. “ఆ వాగులకే, సారూ” అనెను. బావ కొంతసేపు మాటాడక నిలిచి, బావులకును వాగునకును దూరమైన తన మెట్టచేని మూలను చూపించెను. లోతైన కందకము త్రవ్వించి, అందులో పోయించి, పైన మన్ను కప్పించితిమి. తొలకరికి దానిమీద టేకుమొక్కలు పెట్టెదనని చెప్పి, బావ ఇంటికి వచ్చి, ట్యాంకు ప్రక్క గోడమీద ఆనాటి తేదీని బొగ్గుతో వ్రాసెను.