కోడికి తలుపు, మేకకు పలుపు

మా చిన్ననాటి యింటి పెరటిలో కోళ్లగూటికి ఉండిన వాకిలి జానెడు వెడల్పు, మూరెడు ఎత్తు కలది. నేలకు రెండడుగుల పైని, మట్టిగోడలో, కిటికీవలె అమర్చబడిన ఆ వాకిలిని చూచి, కోళ్లు ఉదయము దుముకుటకును సాయంకాలము ఎగిరి ఎక్కుటకును ఇంత ప్రయాస యేల, దానిని నేలమట్టమున పెట్టరాదా యని నేనొకనాడు అడుగగా, నూకలు చెరుగుచున్న మా మామ్మ చేట ఆపి, "నేలమీద పెడితే అది కోళ్లగూడు కాదురా నాయనా, మేకల వంటిల్లవుతుంది" అని నవ్వెను.

ఆ మాటలోని మర్మము నాకు తెలిసివచ్చుటకు ఒక సంక్రాంతి పట్టినది. పండుగ సందడిలో ఎవరో గింజల గది గడియ మరచిరి. రాత్రికి రాత్రి పలుపు త్రెంపుకొన్న పెంటిమేక యొకటి జొన్నలు కడుపార తిని, తెల్లవారునప్పటికి ఎడమ డొక్క తప్పెటవలె బిగిసి, పండ్లు కొరుకుచు నేలబడియుండెను. ప్రొద్దు నడినెత్తికి వచ్చులోపల ప్రాణము విడిచెను. ఆకు అలము నమలి నెమరువేయుటకు ఏర్పడిన మేక తొలికడుపులో కోటానుకోట్ల సూక్ష్మజీవులు పీచును మెల్లమెల్లగా పులియజేయుచుండును. అందు ఒక్కసారిగా గింజల పిండి వచ్చిపడినచో, వాని సమతౌల్యము చెడి, ఆమ్లము పెచ్చుపెరిగి, ఆ ప్రాణి రక్తమునకే ఎక్కును. అంతియే కాక, ప్రేగులలో అణగియుండు క్లాస్ట్రీడియం అను సూక్ష్మజీవి ఇట్టి విందు దొరకినప్పుడే విజృంభించి విషము పుట్టించును. మన పశుపోషకులు చిటుకురోగమనునది దీనినే. కోడికి బలమైన జొన్నయే మేకకు మృత్యువు కాగలదను సత్యమును గ్రహించినవాడు, ఈ రెండు ప్రాణులను ఒక పెరట పెంచు విద్యలో సగము నేర్చినట్లే.

తక్కిన సగము వాని స్వభావములను ఎరుగుటయందున్నది. మేక చూపు ఎల్లప్పుడును మీదికే. గరిక కాళ్లక్రింద పచ్చగా పరచుకొనియున్నను, అది వెనుకకాళ్లపై నిలువున లేచి, దడిమీది తీగనో రేగుకొమ్మనో అందుకొని, చురుకైన పైపెదవితో ముండ్ల నడుమనుండి ఆకును ఒడుపుగా తీసికొనును. కోడి చూపు ఎల్లప్పుడును క్రిందికే. కాలితో గీరి, వెనుకకు జరిగి, తలవాల్చి, మట్టిలోని చెదను, పురుగును, రాలిన గింజను ఏరుకొనును. ఒకదాని పంక్తి గాలిలో, వేరొకదాని పంక్తి నేలపై ఉండుటచేత, ఒకే పెరటిని రెండు ప్రాణులు మేసినను ఒకదాని నోటిది మరొకటి లాగుకొనదు. మేక దేనినైనను మేయునను లోకాపవాదు సరికాదు. మిక్కిలి నిక్కచ్చియైన ఎంపిక దానిది. అది ముట్టని తీగ యొకటి ఉండుటచేతనే గదా మనవారు దానికి మేకమేయని ఆకు అని పేరుపెట్టిరి. నేలబడి మట్టియైన మేతను, రెట్టపడిన నీటిని మేక మూతితో తాకి విడిచిపెట్టును. ఆ విడిచిపెట్టిన దానిని గీరి, అందలి పురుగును కోడి ఏరుకొనును.

చిన్నపెరటికి చిన్నమేకయే తగును. బెంగాలు, ఒడిశా ప్రాంతములలో ప్రసిద్ధమైన నల్లబెంగాలు మేక సుమారు 20 కిలోల తూకముతో, అరమీటరునకు అటునిటైన ఎత్తుతో ఉండియు, ఈతకు రెండేసి, ఒక్కొక్కప్పుడు మూడేసి పిల్లలను వేయును. అమెరికా గృహస్థులు ముచ్చటపడి పెంచు పిగ్మీ, నైజీరియన్ డ్వార్ఫ్ జాతులు పశ్చిమాఫ్రికా పొట్టిమేకల సంతతివి. పెద్దపశువులను కూల్చు త్సెత్సె ఈగ రోగమునకు ఓర్చుకొనగల శక్తి ఆ పొట్టిమేకలకు వాని సొంతనేలలో తరతరములుగా అబ్బినది. కావున చిన్నతనము ఆటవస్తువు లక్షణము కాదు. కొద్దిమేతతో, కష్టకాలముతో ప్రకృతి చేసికొన్న ఒడంబడిక. అయితే దేహము తగ్గినకొలది కావలి తగ్గునని భ్రమపడరాదు. పొట్టిమేక పిల్ల కోడి దూరు ప్రతి సందునను దూరును. కోడికై పెట్టిన ఏటవాలు నిచ్చెనను కోడికన్న ముందుగా ఎక్కును. అందుచేతనే మా మామ్మ నిచ్చెన పెట్టక, వాకిలికి ఎదురుగా, గోడకు అడుగున్నర ఎడముగా ఒక సన్నని వెదురు వాసమును అడ్డముగా కట్టించినది. రెక్కలున్న ప్రాణి దానిపై వ్రాలి అచటినుండి లోనికి దుముకును. గిట్టలున్న ప్రాణికి ఆ గుండ్రని వాసముపై కాలూనదు.

ఇక దినచర్య. తెల్లవారుఝామున కోళ్లగూటి తలుపు తీయుదురు గాని మేకలను వెంటనే విడువరు. గడ్డిపై మంచు ఆరువరకు, అనగా ప్రొద్దు బారెడు పైకెక్కువరకు, అవి కొట్టములోనే ఉండవలెను. కడుపులోని ఏలికపాముల పిల్లపురుగులు తడిసిన గడ్డిపోచల వెంట పైకి ప్రాకియుండి, మంచు ఆరినంతనే తేమను వెదకుకొని క్రిందికి దిగిపోవునని పశువైద్యులు చెప్పుదురు. ఆ శాస్త్రము తెలియని కాపరులు సైతము మంచుమేత మేకకు చేటని ఎరిగియే యుండిరి. మేకలు కట్టుబడియున్న ఈ రెండు గడియలలోనే కోళ్లకు నూకలు, తవుడు చల్లుట జరుగును. అవి తిని ముగించిన పిదప, నేల ఊడ్చి, పలుపులు విప్పుదురు. మేకలు బయలుదేరినంతనే కోళ్లు ఖాళీయైన కొట్టమునందు ప్రవేశించి, పెంటికలను చెదరగొట్టి, ఈగల పురుగులను, నేలరాలిన పిడుదులను ఏరుచుండును. ఇంటి ఇల్లాలు చీపురు పట్టకమునుపే సగము పని ముగిసియుండును.

మేకకు శత్రువు చలియు కాదు, ఎండయు కాదు, తడి. తడినేలపై నిలిచిన మేకకు గిట్టలు కుళ్లును, రొమ్ము పట్టును. కావున నేలకు రెండడుగుల ఎత్తున వెదురుబద్దలతో మంచె కట్టి, పెంటిక క్రిందికి జారునంత సందును, పిల్లకాలు దిగబడనంత ఇరుకును ఉండునట్లు బద్దలను పేర్చుదురు. పెద్దమేక ఒక్కొక్కదానికి పది చదరపుటడుగులైనను ఉండవలెను. మేతను నేలపై పరువక, అవిశ, సుబాబుల్, వేప, రావి మండలను కట్టగట్టి దూలమునకు మేక తలయెత్తున వ్రేలాడదీయుదురు. ఇందు రెండు లాభములు గలవు: మేకకు మీదికి చూచి మేయు స్వభావము తీరును, మేతపై కోడి ఎక్కి రెట్టవేయు అవకాశము ఉండదు. కోళ్ల దండెమును మాత్రము మేకల నెత్తిపై ఎన్నడును కట్టరాదు. రాత్రియంతయు రెట్ట మేకల వీపులపైనను, మేతతొట్టిలోను రాలి, ప్రొద్దునకు రెండును పాడగును. నీటికుండలు సైతము వేరువేరు: కోళ్లకు లోతులేని మట్టిమూకుడు నేలపై, మేకలకు కుండ అరుగుపై.

పుట్టుకల వేళ ఎడము మరింత పాటింపవలసియుండును. పొదుగుకోడిని చీకటిమూల గంపలో, ఊకయో ఇసుకయో పరచి, 9 మొదలు 13 వరకు గ్రుడ్లను బేసిసంఖ్యలో పెట్టి కూర్చుండబెట్టుదురు. ఉరుములకు గ్రుడ్లు మురుగునని గంపలో ఇనుపమేకును, ఎండుమిరపకాయను ఉంచు ఆచారమును కలదు. ఆ మేకు పనిచేయునో చేయదో గాని, 7వ నాటి రాత్రి గ్రుడ్డును దీపమునకు అడ్డుపట్టి చూచు పద్ధతి మాత్రము తప్పక పనిచేయును: సాలెగూడువంటి ఎర్రని నరములు కనబడినది బ్రతుకు గ్రుడ్డు, తేటగా వెలుగునది వట్టిది. 21వ నాటికి పిల్లలు పెంకు పగులగొట్టుకొని వచ్చును. మేక చూలు సుమారు 150 దినములు. ఈనిన మేకకును పిల్లకును మూడు దినములైనను కోళ్లు చొరని గది కావలెను. ఏలయన, వ్రేలాడు ఎర్రని బొడ్డుత్రాడు కోడికంటికి వానపామువలె తోచును, అది పొడిచినచో ఆ గాయముగుండ వ్యాధి లోనికి ప్రవేశించును. బొడ్డునకు టించరు అయోడిను అద్ది, పుట్టిన గంటలోపల పిల్లచే జున్నుపాలు త్రాగించుట తల్లికన్న యజమానురాలికే ముఖ్యమైన పని. తిరుగాడు మేకల గిట్టలక్రింద కోడిపిల్లలు నలుగుటయు కలదు గనుక, తల్లికోడిని పిల్లలతో నెలదినములు గంపక్రింద కాచుట మంచిది.

ఈ పొత్తునుగూర్చి కొన్ని భ్రమలు లోకమున లేకపోలేదు. కోళ్లకు మేకలు కావలికాయునని కొందరందురు. గద్ద నీడ సోకినప్పుడు పుంజు ఒక కూతయు, పిల్లియో ముంగిసయో నేలపై వచ్చినప్పుడు వేరొక కూతయు కూసి తనవారిని తానే హెచ్చరించును. మేకయా, గాంభీర్యమంతయు గడ్డమునందే యున్నది, వీథికుక్క వచ్చెనా అదియే మొదట బలియగును. కోళ్ల రక్తపారుడు మేకలకు అంటునను భయమును అట్టిదే: రెండింటికిని కాక్సీడియా సూక్ష్మజీవులు కలవు గాని, కోడివి కోడికే, మేకవి మేకకే. భయపడవలసినవి వేరు. 1927 ప్రాంతమున కుమావూను కొండలలోని రాణిఖేతులో గుర్తింపబడి ఆ పేరనే ప్రసిద్ధమైన కొక్కెర తెగులు ఒక్క వారములో గూడంతయు ఖాళీచేయగలదు. పిల్లకు 7వ దినమున కంటిలో లసోటా టీకాచుక్కయు, 8వ వారమున రెక్కక్రింద రెండవ టీకాయు దానికి అడ్డుకట్టలు. మేకలకు తొలకరికి ముందుగా చిటుకురోగపు టీకాయును, పారుడురోగమునకు వేరొక టీకాయును తప్పనిసరి. హైదరాబాదు రాజేంద్రనగరములో 1988లో నెలకొన్న కోళ్ల పరిశోధనాసంస్థ రూపొందించిన వనరాజ జాతి, నాటుపెట్టకన్న హెచ్చుగా, ఏటికి నూటికి పైబడి గ్రుడ్లు పెట్టును గాని, పొదుగుటయందు దానికి శ్రద్ధ తక్కువ. తెలిసిన ఇల్లాండ్రు వనరాజ గ్రుడ్లను నాటుపెట్ట క్రింద పెట్టి, క్రొత్తదాని ఫలమును పాతదాని ఓర్పుతో పొందుచున్నారు.

ఇంత జాగరూకత దేనికని అడుగువారు పెరటిలోని కాలగణనమును చూడవలెను. కోడిగ్రుడ్డు నేటి ఉప్పునకు, పప్పునకు అక్కఱకువచ్చును. మూడునెలల కోడిపిల్ల బడిపుస్తకములకు, చుట్టము వచ్చిన పూటకు. ఏటి మేకపోతు వైద్యమునకు, పెండ్లికి, అమ్మవారి మొక్కునకు. దినము, ఋతువు, సంవత్సరము అను మూడు గడువుల అవసరములకు మూడు విధములైన ధనము పెరటియందే తిరుగుచుండును. పొలము పురుషుని పేరనున్నను, ఈ నడయాడు ధనము పెక్కిండ్ల స్త్రీ చేతిలోనిది. మేక లేని పేదరాలికి కలిగిన ఇల్లాలు ఆడు మేకపిల్లను పాలికిచ్చి, పుట్టిన పిల్లలను సగము సగముగా పంచుకొను పద్ధతి, పత్రము లేని అప్పు, వడ్డీ లేని పొదుపు. పెంటికయు రెట్టయు సామాన్యమైనవి కావు: పచ్చిరెట్ట తన వేడిచేత మొక్కవేళ్లను మాడ్చును గాని, ఎండుటాకులతోను మేకపెంటికతోను కలిపి కొన్ని నెలలు మాగనిచ్చినచో చల్లని ఎరువగును. ఆ ఎరువుతో పెరిగిన అవిశచెట్టు ఆకును మేకకు, పువ్వును వంటింటికి, నీడను కోడికి ఇచ్చును.

సంజ చీకట్లు ముసరునప్పుడు మా మామ్మ చేయు పని నాకు నేటికిని కన్నులయెదుట నిలుచును. కోళ్లను ఆమె ఎన్నడును పిలువలేదు. వెలుతురు సన్నగిల్లినకొలది అవి తమంతట తామే వాసముమీదికి ఎగిరి, ఒకటొకటిగా లోనికి దుముకుచుండ, ఆమె వ్రేళ్లపై లెక్కించి తలుపు వేసెడిది. పిమ్మట దడివద్దకు పోయి, పేరుపేరున మేకలను పిలిచెడిది. అవి ఆమె గొంతు విని చెవులు నిక్కించియు, ఇంకొక కొమ్మ, ఇంకొక ఆకు అని జాగుచేయుచుండ, తానే వెళ్లి చెవిపట్టి తెచ్చి కట్టెడిది. "పిలవకుండా వచ్చేదానికి తలుపు చాలు, పిలిచినా రానిదానికి పలుపు కావాలి" అని ఆమె గొణుగుకొనుట వినియున్నాను. జొన్నలు తిని చచ్చిన మేకను పాతిపెట్టిన నాటి సాయంకాలము మాత్రము ఆమె ఏమియు అనలేదు. మేకలను కట్టి, కోళ్లగూటి తలుపు వేసి, పిదప గింజల గది కడకు పోయి, ఆ గడియను రెండుమార్లు లాగి చూచి, లోనికి వచ్చినది.