వచ్చింది పెట్రోలేనా?

సోమవారం పొద్దున మా మారుతి 800 సెల్ఫ్ హుషారుగానే తిరిగింది. ఇంజన్ మాత్రం అందుకోలేదు. మా బండి ఈ కాలమ్ పాత పాఠకులకు కొత్త కాదు. 1996 మోడల్, ఏపీ 16 నంబరు, కార్బురేటర్ బండి. రెండు నెలలుగా వానల్లో ఇంటి ముందు కదలకుండా ఉంది.

వీధి చివరి మెకానిక్‌ని పిలిచాను. వచ్చీ రాగానే ప్లగ్గులు మార్చాడు. అందుకోలేదు. కాయిల్ మార్చాడు. అప్పుడూ అందుకోలేదు. "కార్బురేటర్ పోయింది సార్, కొత్తది వేసేద్దాం" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఏది పోయిందో తేల్చకుండా సామాను మార్చడాన్ని నేను పని అనను. ఈ మాట ఇక్కడ చాలాసార్లు రాశాను, మళ్లీ రాస్తున్నాను.

అతన్ని పంపించేసి నేనే బానెట్ ఎత్తాను. సెల్ఫ్ గట్టిగా తిరుగుతోంది కాబట్టి బ్యాటరీని అనుమానించే పని లేదు. ఇక చూడాల్సింది ముందు కరెంటు, తర్వాత పెట్రోలు. ఒక ప్లగ్గు విప్పి, దాని వైరు తగిలించి, ప్లగ్గు ఇనుముని ఇంజన్ బాడీకి ఆనించి, మా అబ్బాయిని సెల్ఫ్ కొట్టమన్నాను. చిటపటమంటూ నీలం రవ్వ వచ్చింది. (పెట్రోలు గొట్టం విప్పాక ఈ పరీక్ష ఎప్పుడూ చేయకండి. బానెట్ కింద పెట్రోలు వాసన ఉంటే అసలే వద్దు.) తర్వాత కాయిల్ వైరు పీకేసి, కార్బురేటర్ దగ్గర గొట్టం ఊడదీసి, స్టీలు గ్లాసు పట్టాను. సెల్ఫ్ తిరిగినంతసేపూ పంపు చిమ్ముతూనే ఉంది. ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉంది, టైమింగ్ బెల్టు నిరుడే మార్పించాను. అన్నీ ఉన్నాయి, బండి మాత్రం లేవదు.

ఇలాంటప్పుడు నాకు మా డ్రైవర్ బాబాయి గుర్తొస్తాడు. 1986 మే నెలలో, బందరులో మా చిన్నత్త పెళ్లికి పెట్రోలు అంబాసిడర్‌లో ఎనిమిది మందిమి బయల్దేరాం. కంకిపాడు దాటి ఉయ్యూరు దగ్గరికొచ్చేసరికి బండి నాలుగు కుదుపులు కుదిపి ఆగిపోయింది. సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు. మిట్టమధ్యాహ్నం. మే నెలలో మన ఎండ ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా! మా నాన్న ఊరికే వాచీ చూసుకుంటున్నాడు. వెనక సీట్లో నాన్నమ్మ వెంకన్నకు మొక్కేసింది కూడా.

బాబాయి ఏమీ కంగారుపడలేదు. బానెట్ ఎత్తి, తల ఓ పక్కకి వంచి, "సెల్ఫ్ కొట్టు బాబూ" అన్నాడు. పదేళ్లవాణ్ణి, సీటు అంచున కూచుని తాళం తిప్పాను. విన్నాడు. భుజం మీది తువ్వాలు తీసి నీళ్లకోసం చూశాడు. రోడ్డు పక్కనే బందరు కాలువ. కానీ అవి కాలువలు కట్టేసే రోజులు, అడుగున ఎండిన బురద తప్ప ఏమీ లేదు. కాస్త దూరంలో చలివేంద్రం ఉంటే అక్కడి ముసలమ్మ కుండలోంచి రెండు ముంతలు వంచింది. తువ్వాలు తడిపి ఏసీ పంపుకి, అంటే పెట్రోలు పంపుకి, చుట్టాడు. పావుగంట ఆగి "ఇప్పుడు కొట్టు" అన్నాడు. అందుకుంది!

ఆ వేడికి పంపులో, గొట్టంలో పెట్రోలు ఆవిరైపోయింది. పంపు ఎంత కొట్టినా ఆవిరే తప్ప పెట్రోలు ముందుకు వెళ్లదు. చల్లబడితే ఆవిరి మళ్లీ పెట్రోలవుతుంది. ఇదంతా నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది. అప్పటికి మాత్రం ఆయన రోగాన్ని చెవితో పట్టేశాడనుకున్నాను. ఆ చెవి ఇప్పటి కుర్రాళ్లకు లేదని, స్కానర్ లేకపోతే వీళ్లకు చేతులు ఆడవని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు.

బుధవారం తాడు కట్టించి బండిని ఆటోనగర్‌కి లాగించాను. షెడ్డులో పాతికేళ్ల కుర్రాడు. గోడకి స్కానర్ వేలాడుతోంది, అది తగిలించడానికి మా బండిలో చోటే లేదు. నా పరీక్షలన్నీ వరసగా చెప్పాను. "కరెంటు వస్తోంది, పెట్రోలు వస్తోంది" అని ముగించాను.

"పెట్రోలు దేంట్లో పట్టారు బాబాయ్ గారూ?"

"స్టీలు గ్లాసులో."

అతను గాజు సీసా తెచ్చి గొట్టం కింద పట్టాడు. నిండాక బల్లమీద కదలకుండా పెట్టి, టీ చెప్పాడు. టీ తాగేలోపు సీసాలో రెండు పొరలు తేలాయి. పైన వేలెడు పెట్రోలు, కింద అంతకు రెండింతలు మసకనీళ్లు.

"వచ్చింది పెట్రోలేనా అని కూడా చూడాలి కదండీ" అన్నాడు.

ఎక్కడ నేర్చుకున్నావంటే బుడమేరు వరద పేరు చెప్పాడు. 2024 సెప్టెంబర్‌లో సింగ్‌నగర్, పాయకాపురం మునిగినప్పుడు షెడ్డు ముందు బళ్లు బారులు తీరాయట. నెలరోజులు టాంకులు దించి కడగడమే పనిగా ఉందట. నీళ్లలో మునిగిన బండికి ఆత్రంగా సెల్ఫ్ కొట్టినవాళ్ల ఇంజన్లలో కనెక్టింగ్ రాడ్లు వంగిపోయాయట. నీరు గాలిలా నలిగేది కాదు, సిలిండర్‌లో పిస్టన్‌కి అడ్డం పడుతుంది.

నేను వెంటనే తప్పంతా ఇథనాల్ మీదికి తోశాను. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, హద్దు దాటితే ఆ నీటితో కలిసి టాంకు అడుక్కి దిగుతుంది. పంపు లాగేది అడుగునుంచే. కుర్రాడు అంతా విని, టాంకు మూత తెచ్చి నా చేతిలో పెట్టాడు. లోపలి రబ్బరు వాషరు అప్పడంలా బిగుసుకుపోయి రెండుచోట్ల చీలింది. వానంతా అందులోంచి దిగింది. ఇథనాల్ లేకున్నా అంత నీటితో ఈ బండి లేచేది కాదు.

తిరిగొస్తూ ఉయ్యూరు మళ్లీ గుర్తుచేసుకున్నాను. బాబాయి విన్న మాట నిజమే. కానీ విన్నాక పంపు మీద అరచెయ్యి వేసి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. గొట్టం బిగింపు వదులు చేసి చూశాడు, చుక్క రాలేదు. ఆ తర్వాతే తువ్వాలు తీశాడు. ఇవన్నీ నాకు గుర్తున్నవే. కథ చెప్పిన ప్రతిసారీ వదిలేశాను. ఆయన చేసిందీ ఈ కుర్రాడు చేసిందీ ఒకే పని. అనుమానం వచ్చినచోట ఆగి, తేల్చుకుని, అప్పుడే చెయ్యి పెట్టారు. ఇప్పటి కుర్రాళ్ల గురించి నేను రాసినవి తప్పు.

పాత బండిని ఈ వానల్లో ఆరుబయట ఉంచినవాళ్లకు ఒక మనవి. సెల్ఫ్ కొట్టే ముందు టాంకు మూత విప్పి, లోపలి రబ్బరుని గోటితో నొక్కి చూడండి. మెత్తగా లేకపోతే ముందు అది మార్పించండి.