కుట్టు అక్కర్లేని కోత

శుక్లాల ఆపరేషన్ అనగానే ఇప్పుడు అందరూ ఫాకో మెషిన్ గురించే అడుగుతున్నారు. అది మెచ్చదగ్గ పద్ధతే. 1967లో చార్లెస్ కెల్మన్ మొదలుపెట్టిన ఆ విధానంలో 3 మిల్లీమీటర్ల లోపు కోత చాలు. మసకబారిన కంటి లెన్స్‌ను అల్ట్రాసౌండ్ నలగ్గొడితే మెషిన్ పీల్చేస్తుంది. అయినా చేతి పనితనం చూడాలంటే ఆ మెషిన్ లేని ఆపరేషన్‌నే చూడమంటాను. కంటి శిబిరాల నుంచి బస్సెక్కించి తీసుకెళ్లే పెద్దవాళ్లలో చాలామందికి చేసేది అదే. డాక్టర్లు ఎస్ఐసీఎస్ అంటారు.

కోత నల్లగుడ్డు మీద పడదు. దాని అంచుకు దాదాపు 2 మిల్లీమీటర్లు వెనక, తెల్లగుడ్డు మీద, 6 మిల్లీమీటర్ల పైచిలుకు పొడవున, సగం మందం వరకే పడుతుంది. రెండు కొసలూ నల్లగుడ్డుకు దూరంగా వంగుతాయి. అలా ఉంటే మానాక సిలిండర్ పవర్ తక్కువ వస్తుంది. అక్కణ్ణించి బ్లేడు పొరల మధ్యగా సొరంగం తవ్వుతుంది. ఎంత లోతున ఉందో చెప్పే పరికరం లేదు. పైపొర కింద కదిలే బ్లేడు ఎంత తేటగా కనబడుతోందన్నదే కొలత. మరీ తేటగా ఉంటే పైపొర చిరుగుతుంది. అసలు కనబడకపోతే అది అనుకున్న చోటికి ముందే కంట్లోకి దిగిపోతుంది. సొరంగం బయట ఇరుకు, లోపల వెడల్పు. నల్లగుడ్డులోకి మిల్లీమీటరుకు పైగా వెళ్లాకే లోపలికి తెరుచుకుంటుంది. ఆ లోపలి అంచును కంటి ఒత్తిడే అదిమి మూసేస్తుంది. అందుకే కుట్టు అక్కర్లేదు.

ఇక లెన్స్ తొడుగు. ఆపరేషన్ మొత్తంలో నన్ను కట్టిపడేసే ఘట్టం ఇదే. ఉల్లిపొరలాంటి ఈ తొడుగు ముందువైపు సుమారు 14 మైక్రాన్ల మందం; వెనక నడిమధ్యన 4 మైక్రాన్లే. 26 గేజి సూది మొనను వంచి, దాంతో ముందుపొరను గిచ్చి, లేచిన అంచును గుండ్రంగా లాక్కుంటూ రావాలి. కత్తిరించడం కాదు, చించడం. గుండ్రంగా కలిసిన చిరుగు లాగితే సాగుతుంది గాని తెగదు. ఒక్కచోట గంటు పడిందా, అక్కణ్ణించి వెనకదాకా పాకిపోవచ్చు. 1980లలో హోవర్డ్ గింబెల్, థామస్ న్యూహాన్ ఎవరికి వారుగా కనిపెట్టిన పద్ధతి ఇది. ఉబ్బిన తెల్ల శుక్లంలోనైతే గిచ్చీ గిచ్చగానే లోపలి ఒత్తిడికి పొర రెండువైపులా చీలిపోవచ్చు. పొర బాగా కనబడేందుకు ముందుగానే ట్రిపాన్ బ్లూ అనే నీలిరంగు అద్దుతారు కాబట్టి రెండు నీలాల నడుమ తెల్ల చార తేలుతుంది. డాక్టర్లు దాన్ని అర్జెంటీనా జెండా అంటారు. ముదిరేదాకా ఆగమని ఊళ్లలో ఇప్పటికీ చెబుతుంటారు గానీ ముదిరేకొద్దీ లోపలి గట్టి భాగం పెద్దదవుతుంది, పని కష్టమవుతుంది. తొలిరోజుల్లో అద్దాలు మారిస్తే కొంతకాలం గడుస్తుంది. శుక్లాన్ని కరిగించే చుక్కల మందు లేదు. రోజువారీ పనులకు చూపు అడ్డొస్తోందంటే ఆపరేషన్‌కు వేళైనట్టే.

గట్టి భాగాన్ని సొరంగంలోంచి బయటికి తీశాక ఖాళీ తొడుగులో కొత్త లెన్స్ పెడతారు. యుద్ధవిమానాల అద్దాల ప్లాస్టిక్ తునకలు పైలట్ల కళ్లలో దిగినా కన్ను వాటిని ఓర్చుకోవడం గమనించి, కంటి డాక్టర్ హెరాల్డ్ రిడ్లీ 1949లో లండన్‌లో ఆ రకం ప్లాస్టిక్‌తోనే తొలి లెన్స్ వేశాడు. 1992లో మదురైలో ఆరోల్యాబ్ సంస్థ లెన్స్‌ల తయారీ మొదలుపెట్టాకే వాటి ధర పేదవాళ్లకు అందేంత దిగింది.

మరి ఫాకోతో పోలిస్తే ఈ చేతి పని ఎలా ఉంటుంది? 2007లో అచ్చయిన నేపాల్ అధ్యయనంలో కంటి డాక్టర్లు ఇద్దరిలో సాందుక్ రూయిత్ చేత్తో చేసిన ఆపరేషన్లనూ, డేవిడ్ చాంగ్ ఫాకోతో చేసినవాటినీ పోల్చారు. ఆరు నెలలకు ఇరుపక్షాల చూపూ దాదాపు సమానమే. చేతి పనికి సగటున 9 నిమిషాలు పడితే, ఫాకోకు 15 నిమిషాలు దాటింది.

కొందరికి నెలలో ఏళ్లో గడిచాక మళ్లీ మసక వస్తుంది. శుక్లం తిరిగొచ్చిందని కంగారుపడతారు. అది శుక్లం కాదు, అంత జాగ్రత్తగా కాపాడిన వెనకపొర మీద కణాలు పేరుకోవడం. యాగ్ లేజర్‌తో ఆ పొర నడుమ చిన్న రంధ్రం చేస్తారు. కొద్ది నిమిషాల పని, కోత ఉండదు. పొరలో మిగిలిన భాగం లెన్స్‌ను ఎప్పటిలాగే పట్టి ఉంచుతుంది.