వెలుగులో కనబడని స్తంభాలు

ఈమధ్య ఒక యాత్రాకథనం చదివాను. రచయిత పేరు చెప్పను. ఆయన వచనమంటే నాకు గౌరవం. స్పెయిన్‌లోని బార్సిలోనా నగరంలో, మోంజుయిక్ కొండ దిగువనున్న మేజిక్ ఫౌంటెన్‌ను ఆయన రెండు పేజీల్లో వర్ణించారు. సాయంకాలపు దీపాలు, పాటకు తగ్గట్టు ఎగసే నీళ్లు, రంగులు మారే తుంపర - వర్ణనలో లోటు లేదు. తరగతిలో చదివి వినిపిస్తే ఒక అమ్మాయి అడిగింది: "దీన్నెవరు కట్టారు మాస్టారూ?" పేజీలు తిరగేశాను. జవాబు లేదు.

జవాబు చరిత్రలో ఉంది. 1929 అంతర్జాతీయ ప్రదర్శన కోసం ఇంజనీరు కార్లెస్ బుయీగాస్ రూపకల్పన చేస్తే, మూడు వేలమందికి పైగా కార్మికులు ఏడాది లోపలే కట్టారు. నాడు ఏలుతున్నవాడు నియంత ప్రిమో దె రివేరా. ఆ చోట అంతకుముందు నాలుగు స్తంభాలుండేవి. కటలోనియా జెండాలోని నాలుగు ఎర్రచారలకు గుర్తుగా వాస్తుశిల్పి పుచ్ ఇ కదఫాల్క్ వాటిని 1919లో నిలిపాడు. ఆ గుర్తు ప్రదర్శనకు వచ్చే లోకం కంట పడకూడదని 1928లో కూల్చివేశారు. అక్కడే ఫౌంటెన్ లేచింది. అంతర్యుద్ధంలో దెబ్బతిని, ఫ్రాంకో పాలనలో 1955లో మళ్లీ నడిచింది. మన రచయిత పుట్టుకతోనే ఉందనుకున్న సంగీతం 1980లలో గాని చేరలేదు.

స్తంభాలను నిలిపినవాడు శ్రామికుల పక్షం కాదు, సంప్రదాయవాద నాయకుడు. అయినా ఒక జాతి గుర్తును నియంత తుడిచేయడం చిన్న విషయం కాదు. ప్రజలు మరవలేదు గనుకనే 2010లో పాతచోటికి దగ్గరలోనే వాటిని తిరిగి నిలిపారు. మన రచయిత వాటిని చూశారు కూడా. "అలంకార స్తంభాలు" అని ఒక్క మాటతో దాటిపోయారు.

అందాన్ని అందంగా చూడనివ్వరా అని శిల్పవాదులు అడగవచ్చు. చూడవద్దని ఎవరన్నారు? బుయీగాస్ ప్రతిభ నిజం, ఆ కార్మికుల చేతిపని నిజం. నా అభ్యంతరం వర్ణన మీద కాదు, వర్ణన దగ్గరే ఆగిపోవడం మీద. కూల్చినవాడు కోరుకున్నది చూసేవాడు ఏమీ అడగకపోవడమే. ఏమీ అడగని రచన, రచయితకు తెలియకుండానే, ఆ కోరిక తీరుస్తుంది.

యాత్రాకథనం రాసే మిత్రులకు నా మనవి ఒక్కటే. కలం పట్టేముందు, ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న మీరూ ఒకసారి అడగండి.